సమర్పించు నొక్కితే ఏమవుతుంది?

నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా సీఎస్ఈ సెక్షన్‌లో అరవై మందిమి ఉండేవాళ్లం. అందులో కనీసం పదిమంది ‘ఫౌండర్లే’. ఒకడిది హాస్టల్‌కి బిర్యానీ తెచ్చిపెట్టే యాప్. ఇంకొకడిది పాత పుస్తకాలు అమ్మిపెట్టే యాప్. మూడోవాడిది ఆ రెండూ కలిపిన యాప్. యాప్ కంటే ముందు లోగో, లోగో కంటే ముందు విజిటింగ్ కార్డు తయారయ్యేవి. అప్పటికి హైదరాబాద్‌లో టీ-హబ్ మొదలై రెండేళ్లు దాటింది. స్టార్టప్ అనే మాట పేపర్లో జిల్లా పేజీల దాకా వచ్చేసింది.

సెమినార్‌కి ఎవరొచ్చినా ఫణీంద్ర సామ గారి కథ చెప్పేవారు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఆయనకి బస్సు టికెట్ దొరకలేదు. మరుసటి ఏడాదే స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు. 2013లో దాన్ని పెద్ద కంపెనీ కొనుక్కుంది. మావాళ్లందరికీ ఆ చివరి వాక్యం నచ్చేది. నాకు మాత్రం మొదటి వాక్యమే నచ్చేది. టికెట్ కోసం తిరిగినవాడికే తెలుస్తుంది, ఎక్కడ కాలు నొప్పెట్టిందో!

మరి మన ఇళ్లలో ఫోన్‌తో ఎవరు అవస్థ పడుతున్నారు? ఆ ప్రశ్న నన్ను తెలుగు దగ్గరికి తీసుకొచ్చింది.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అనే అక్షరంలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ మూసుకుపోయేది. ప్రపంచమంతా వార్తయింది. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే అంత ఖరీదైన ఫోను కళ్లు తేలేసిందని క్లాసంతా నవ్వుకున్నాం. నవ్వయ్యాక నేను ఆ అక్షరాన్ని విప్పి చూడటం మొదలుపెట్టాను.

మనకి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘శ్రీలక్ష్మి’ అని మనం మూడక్షరాల్లో పిలిచే పేరు దాని లెక్కలో పదకొండు. ‘పేరు పది అక్షరాల్లోపు రాయండి’ అని ఒక ఫారం ముక్కల్ని లెక్కపెడితే, ఇక శ్రీలక్ష్మి గారికి అందులో చోటు లేనట్టే. ఎస్ఎమ్ఎస్ కూడా అంతే. ఇంగ్లిష్‌లో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో రాస్తే 70 ముక్కలే.

ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుని బట్టి గీసిన బటన్‌లో తెలుగు పెడితే పైన గుడి, కింద వత్తు తెగిపోతాయి. ‘రద్దు’ కాస్తా ‘రదు’ అవుతుంది. వరసకీ వరసకీ మధ్య కొంచెం ఎక్కువ చోటిస్తే సరిపోతుంది. పది నిమిషాల పని.

కష్టమంతా మాటల దగ్గరే. మా పెద్దమ్మ తెనాలిలో చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతుంది. చదివింది పదో తరగతే కానీ వారపత్రికలో సీరియల్ ఒక్క వారం కూడా వదలదు. అలాంటి మనిషికి తెలుగు రాదనగలమా? ఒక బిల్లుల యాప్‌లో ‘సమర్పించు’ అనే బటన్ చూసి నాకు ఫోన్ చేసింది. “దేవుడికి కదరా సమర్పించేది? ఇది నొక్కితే డబ్బులు ఎవరికి పోతాయి?” అంది.

ఇంకోసారి అదే యాప్ ‘ఈ లావాదేవీని రద్దు చేయాలనుకుంటున్నారా?’ అని అడిగింది. కింద రెండు బటన్లు: ‘రద్దు చేయి’, ‘కొనసాగించు’. కొనసాగించాల్సింది దేన్ని? రద్దునా, లావాదేవీనా? ఈ పనే చేసి జీతం తీసుకునే నేను కూడా రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ‘ఆపేయండి’, ‘డబ్బు పంపండి’ అని రాస్తే ఏం పోయింది?

ఇది భాషాభిమానం గొడవ కాదు, డబ్బు గొడవ. ఆ రోజు నుంచి పెద్దమ్మ పక్కనున్న రీచార్జ్ షాపు కుర్రాడికి ఫోనిచ్చి, పిన్ నంబరు నలుగురూ వినేలా చెప్పడం మొదలుపెట్టింది. ఆ అబ్బాయి బంగారం. కానీ బ్యాంకు ఖాతాని ఎదుటివాడి మంచితనం మీద నడపలేం కదా! స్క్రీన్ అర్థంకాని మనిషిని మోసం చేయడం కూడా తేలిక. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. ‘మీకు డబ్బొస్తుంది, పిన్ కొట్టండి’ అంటూ ఫోన్ చేసేవాళ్లు బతుకుతున్నది ఈ చిన్న సంగతి తెలియనివాళ్ల మీదే.

మంచి డిజైన్ ఎలా ఉంటుందో చూడాలంటే కూరగాయల బండి దగ్గర నిలబడండి. డబ్బు పడగానే తెలుగులో ఎంతొచ్చిందో చెప్పే చిన్న పెట్టె ఉంటుంది. చేతులు తడిగా ఉన్నా, చదవడం రాకపోయినా, బేరం మధ్యలో ఉన్నా విషయం చెవిన పడుతుంది. దొంగ స్క్రీన్‌షాట్ చూపించి జారుకోవడం కుదరదు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం 2022లో యూపీఐ 123పే కూడా వచ్చింది. బటన్ల ఫోన్‌తోనే డబ్బు పంపొచ్చు. అవతలి మనిషి ఎలా బతుకుతున్నాడో చూసినవాళ్ల పనులివి.

ఇప్పుడు నేను ఏ తెలుగు స్క్రీన్ తయారుచేసినా ముందు పెద్దమ్మకి పంపిస్తాను. బాగుందా అని అడగను. “ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నావ్?” అని అడుగుతాను. ఆవిడ చెప్పింది, అక్కడ జరిగేది ఒకటే అయితే పాస్. కాకపోతే మాట మారుస్తాను. మొన్నొకచోట ‘ధృవీకరించు’ తీసేసి ‘సరిచూశాను’ అని పెట్టించాను. మా మేనేజర్‌ది పంజాబ్. ఆయనకి రెండూ ఒకేలా కనిపించాయి. పెద్దమ్మ ఆడియో మెసేజ్ వినిపించి, అర్థం చెప్పాక ఒప్పుకున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. కాలేజీలో ఉండి యాప్ చేద్దామనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఐడియా కోసం ఎక్కడెక్కడో వెతక్కండి. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఫోనిచ్చి, కరెంటు బిల్లు కట్టమనండి. మీరు నోరు మూసుకుని పక్కన కూర్చోండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోయిందో కాగితం మీద రాసుకోండి.