పెద్ద దవాఖానాకు మళ్లీ ప్రాణం పోద్దామా?

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి మూసీ వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఆ గుమ్మటాలు కనిపిస్తాయి. నదికి అవతలి ఒడ్డున హైకోర్టు, ఇవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. రెండింటి నిర్మాణంలోనూ విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి చేయి ఉంది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ఎష్ తెలియదు, ఉస్మానియా అన్న పేరూ అంతగా పట్టదు. వాళ్లకది ‘పెద్ద దవాఖానా’. అంతే!

ఆ పాత భవనానికి 2020 జులైలో తాళం పడింది. భారీ వర్షానికి వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. మంచాల కింద మోకాటి దాకా నీళ్లున్న ఆ దృశ్యాలను టీవీల్లో మీరూ చూసే ఉంటారు. రోగుల్ని పక్కనున్న వేరే బ్లాకుల్లోకి మార్చారు. అప్పట్నుంచీ ఒకటే వాదన. కూల్చాలని కొందరు, కాపాడాలని కొందరు. అది కోర్టు దాకా వెళ్లింది.

విచిత్రమేంటంటే... ఆ భవనం పుట్టిందే వరద వల్ల. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలను తీసుకుపోయింది. అంతకుముందు అక్కడున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రీ దెబ్బతింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వరద మళ్లీ రాకుండా ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ముంపు మిగిల్చిన ఒడ్డున ఈ ఆసుపత్రి లేచింది.

ఈ గొడవ వార్తల్లో వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనూ ఓ చిన్నపాటి అసెంబ్లీ నడుస్తుంది. మాది నల్గొండ వైపు పల్లె. 1980ల్లో నానమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నాన్న ఆ వరండాలో ఇరవై ఒక్క రాత్రులు పడుకున్నారు. తలకింద తువ్వాలు, పక్కన స్టీలు టిఫిను. ‘ఎండాకాలం... అయినా ఉక్కపోత తెలియలే. గోడలు గంత మందం’ అని ఇప్పటికీ చెబుతారు. నానమ్మ ఆ తర్వాత ఇరవయ్యేళ్లు బతికింది, మా పెళ్లిళ్లు చూసింది.

ఇంత అనుబంధం ఉన్న మనిషి ‘కాపాడాలి’ అంటారనుకుంటాం కదా! ఆయన మాట వేరు. ‘బిల్డింగు అందంగుంటే ఏంది బిడ్డా? బీదోడు పండెతందుకు మంచం కావాలె. పెచ్చులూడి మీద పడితే ఎవరిది బాధ్యత?’

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. పాత రాళ్ల మీద ప్రేమ, రోగి ప్రాణం కన్నా ఎక్కువ కాకూడదు. అయితే ఇప్పుడు ఆ రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సిన అగత్యం తప్పింది. 2025 జనవరి 31న దగ్గర్లోని గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడతామని ప్రభుత్వం చెప్పింది. మంచం సంగతి అక్కడ తేలుతుంది. మరి ఖాళీ భవనం సంగతి?

కాపాడటమంటే రంగులేసి గేటు మూయడం కాదు. మన నగరమే ఆ పాఠం చెబుతోంది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ జనానికి అప్పగించారు. పనయ్యాక దుకాణాలు ఖాళీ చేయించలేదు, ఐస్‌క్రీమ్ కోసం జనం వస్తూనే ఉన్నారు. కోఠీ మహిళా కళాశాలలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఏళ్లపాటు శిథిలమై, మరమ్మతుల తర్వాత 2023లో తెరుచుకుంది. మనిషి అలికిడి ఉన్న ఇల్లే నిలుస్తుంది. తాళం వేసిన ఇంటికి మొదటి అతిథి రావిమొక్క!

అందుకే ముందు పైకప్పు. నీళ్లు దిగే దారులు శుభ్రం చెయ్యాలి, పగుళ్లలోని వేళ్లు తీయాలి. సున్నంతో కట్టిన గోడకు సున్నమే వాడాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడనే తినేస్తుంది. ఇవయ్యాక, లోపల ఏముండాలో తేలాలి. వైద్య విద్యార్థులకు తరగతి గదులా? చిన్న జబ్బులకు ఓపీయా? వైద్య చరిత్ర ప్రదర్శనశాలా? దానికి సరుకు లోటు లేదు. 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫాం మీద ప్రపంచం చెప్పుకున్న పరీక్షలు హైదరాబాద్‌లోనే జరిగాయి. మత్తు వైద్యంలో తొలితరం మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ ఊరి డాక్టరే.

ఇక ఏటా నిర్వహణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది మొదటిరోజే రాసుకోవాలి. గేటు బయటి మందుల షాపులు, టీ బండ్లు, పండ్ల తోపుళ్లు కూడా లెక్కలోకి రావాలి. రోగులు గోషామహల్ వెళ్లిపోతే వాళ్ల పొయ్యి వెలగాలిగా!

ఇవన్నీ నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి ఒకటే అడిగారు. ‘హోటలు చెయ్యరు గదా?’ చెయ్యకూడదనే నా కోరికా. ప్రదర్శనశాల పెట్టినా, పాఠాలు చెప్పినా... కింది వరండాలో ఒక పక్కన, ఊళ్ల నుంచి వచ్చిన రోగి బంధువులు రాత్రి తలవాల్చుకునే చోటు మిగలాలి. తాగేందుకు నీళ్లు, మరుగుదొడ్డి, ఒక చాప. కొత్త ఆసుపత్రి దగ్గర్లోనేగా!

మీ ఇంట్లోనూ పెద్ద దవాఖానాలో రాత్రులు గడిపిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఓసారి అడిగి చూడండి, అక్కడ ఏముంటే బావుంటుందో. ప్లాను గీసేవాళ్ల దగ్గర లేని కొలతలు వాళ్ల దగ్గర దొరకొచ్చు.