రైలు లేని ఊళ్లో ఊహాకథలు

మిన్నీ బే అనగానే ఆటో అబ్బాయి "ధన్వంతరి హాస్పిటల్‌కా?" అని హిందీలో అడిగాడు. నౌకాదళం వారి ఆ ఆసుపత్రే ఇక్కడ పెద్ద గుర్తు. కాదు, కథలు చదువుకోడానికి అన్నాను. అద్దంలోంచి ఒకసారి నా మొహం చూసి, ఇక ఏమీ అడగలేదు. అండమాన్‌లోని ఈ పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు గానీ ఆటోల్లో, కొట్లలో పాత పేరే నడుస్తోంది. దారంతా ఎక్కడం, దిగడం. ఒక మలుపులో సముద్రం కనబడుతుంది, ఇంకో మలుపులో మాయమవుతుంది.

నేను విశాఖలో ఉంటూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసే ప్రయత్నంలో ఉన్నదాన్ని. అచ్చయినవాటికన్నా తిరిగొచ్చినవే ఎక్కువ. ఇలాంటి కథల కోసం దేశదేశాల్లో సభలు జరుగుతుంటాయని చదవడమే గానీ వెళ్లే స్తోమత ఎక్కడిది? ఇక్కడ తెలుగు మాధ్యమం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు మాత్రం "పదిమందిమి ఉంటాం, మీ కథ పట్టుకు రండి" అన్నారు. పదిమందేనా అని చిన్నచూపు చూడక్కర్లేదు. 1937 జనవరి 3న ఇంగ్లండులోని లీడ్స్ ఊళ్లో, థియొసాఫికల్ హాల్లో సైన్స్ ఫిక్షన్ అభిమానులు సభ పెట్టుకుంటే ఇరవై మంది కూడా దాటలేదంటారు. ఈ తరహా సభల్లో అదే మొదటిదని చాలామంది లెక్క. వచ్చినవాళ్లలో పంతొమ్మిదేళ్ల ఆర్థర్ క్లార్క్ ఒకడు, అప్పటికి నాలాగే ఔత్సాహికుడు. 

మాస్టారి ఇంటి వెనక రేకుల షెడ్డులో చాపలు పరిచారు. నవంబరు కదా, ఐదున్నరకల్లా చీకటి పడింది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముప్పావుగంట తొందరలో ఉంటాడు ఇక్కడ. వచ్చినవాళ్లలో జంగ్లీఘాట్‌లో పడవ ఉన్న ఆయన, ఆసుపత్రిలో పనిచేసే దంపతులు, కాలేజీ పిల్లలు ఉన్నారు. ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. పిల్లలు తెలుగులో మొదలుపెట్టి, హిందీలో పోట్లాడి, మళ్లీ తెలుగులో నవ్వుతారు.

నా కథ రెండో పేజీలో ఉండగా వాన దంచింది. రేకుల మీద ఆ మోతకి నా గొంతు నాకే వినబడలేదు. లేచి వెళ్లినవాళ్లు లేరు. ఒకాయన అరచేతులతో చెవులు మూసి తెరుస్తూ ఆడుకున్నాడు, మాస్టారి భార్య మిరపకాయ బజ్జీల పళ్లెం తిప్పారు. వాన తగ్గగానే ఎక్కడ ఆపానో వాళ్లే గుర్తు చేశారు. నా కాగితాల మీద ఇంత శ్రద్ధ ఏ సంపాదకుడూ చూపించలేదు.

సముద్రం ఒక నగరాన్ని మింగేసే కథ అది. పడవాయన శాంతంగా విని, "అంతా బాగుందమ్మా. మునిగిపోయిన పొలానికి పట్టా ఎవరి పేర ఉంటాది?" అన్నాడు. ఇది ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంతో ఇక్కడి నేల ఒకవైపు కుంగి, ఒకవైపు లేచింది. పక్కనే సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి ఉండిపోయింది. ఉత్తరాన దిగ్లీపూర్ వైపు పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడి ఎండిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం మొదలు సముద్రంలో నిలిచింది. ఇవన్నీ చూసినవాళ్ల ముందు ప్రళయం గురించి చదవాలంటే ధైర్యం కావాలి. పట్టా సంగతి మాత్రం నా తర్వాతి కథకు ముడిసరుకు.

తర్వాత మాటలు అండమాన్ మీద ఇతరులు అల్లిన కథల మీదికి మళ్లాయి. మాస్టారు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదివి పెరిగిన మనిషి. పుస్తకం ఓడలో ఆలస్యంగా వచ్చేదట, ఒక సంచిక తప్పితే మధ్య కథ సొంతంగా కల్పించుకునేవారట. మార్కోపోలో ఈ దీవులవాళ్లకు కుక్క తలలుంటాయని రాశాడని ఆయనే చెప్పారు. 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవలలో కానన్ డాయిల్ ఒక అండమానీ మనిషిని గొట్టంతో విషపు ముళ్లు ఊదే రాక్షసుడిలా చూపించాడు. అండమానీలవి విల్లంబులు, ఊదుగొట్టాలు కావు. ఇద్దరూ ఇక్కడికి రానివాళ్లే. ఊహాశక్తి అంటే ఇష్టమున్న నాకు కూడా వాళ్ల మీద చిరాకే వచ్చింది. ఆ కల్పన కింద నలిగిన మనుషులు నిజంగా ఉన్నారు. ఇక్కడి బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010లోనే పోయింది. ఆమె తలలో ఎన్ని కథలుండేవో!

ఆ రోజు అందరిలోకీ బాగా రాసింది డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి. జంగ్లీఘాట్ కుర్రాడొకడు ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసి విశాఖలో దిగి, సోంపేట దగ్గర అమ్మమ్మ ఊరికి బయల్దేరతాడు. ఆ దారిలోనే, పలాస స్టేషన్లో, మొదటిసారి రైలును చూస్తాడు. ఈ దీవుల్లో రైలు లేదు. నేల అదరడం, దూరంగా ఒంటికన్ను వెలుగు, ఇనుప గోడ ఆగకుండా కదిలిపోవడం, దాని కిటికీల్లో అన్నం తింటున్న మనుషులు. రైలు అన్న మాట ఆమె కథలో ఎక్కడా వాడలేదు. మనం రోజూ ఎక్కి దిగే బండి గ్రహాంతర నౌక అయిపోయింది.

"ఇది సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుంది, ఉన్న రైలే కదా?" అన్నారు మాస్టారు. అవుతుందనే నా వాదన. కొత్త లోకాన్ని చూపించాలంటే రాకెట్టే కావాలా? ఇక్కడివాళ్లకు మెయిన్‌లాండే వేరే లోకం.

పడవాయనకు ఈ తగువు పట్టలేదు. "ఇంతకీ ఆ కుర్రోడు ఎక్కాడా లేదా?"

"ఎక్కలేదు మామా. ప్లాట్‌ఫారం మీదే కథ అయిపోయింది."

"అదేటి, అంత దూరమెళ్లి ఎక్కకపోవడమేటి!"

"ఎక్కిస్తే ఇంకో రెండు పేజీలు అవుతాయి. కథల పోటీకి పనికిరాదు."

"అయితే ముందు అమ్మమ్మని తీసేయ్."

మాస్టారి భార్య బజ్జీల పళ్లెం కింద పెట్టేసి, అమ్మమ్మ పక్షాన వాదనకు దిగారు.