పద్నాలుగు మందికి ఒక బస

2019 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, మా తోబుట్టువుల కుటుంబాలన్నీ కలిసి కృష్ణాతీరంలో మూడు రాత్రులు గడపాలని నిశ్చయించుకున్నాం. హైదరాబాదు నుంచి మేము నలుగురం, కర్నూలు నుంచి ఆపా కుటుంబం ఐదుగురు, గుడివాడ నుంచి తమ్ముడి కుటుంబం నలుగురు, అతని దగ్గరే ఉంటున్న మా అమ్మీ – మొత్తం పద్నాలుగు మంది. అమ్మీ పుట్టి పెరిగింది మచిలీపట్నంలో. పుట్టింటివారంతా ఊరు విడిచి వెళ్ళిపోయిన తర్వాత ఆమె అక్కడ ఒక్క రాత్రి కూడా నిద్రించలేదు. గుడివాడ నుంచి బందరు ఎంతో దూరం కాదు. అయినా 'ఒక్కసారి అక్కడ తెల్లవారితే చూడాలని ఉంది' అని ఆమె అడగడం, మేము 'అలాగే అమ్మీ' అనడం ఏళ్ళ తరబడి సాగింది.

ఏర్పాట్ల బాధ్యత నేనే తీసుకున్నాను. పెద్దకొడుకుని కదా, అడిగేవారెవరూ లేరు. ఫోనులో భవానీ ద్వీపం ఫోటోలు చూశాను. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నది మధ్యలో సుమారు 130 ఎకరాల పచ్చని ద్వీపం, చెట్ల మధ్య కాటేజీలు, నాలుగు వైపులా నీరు. పిల్లలకు చూపించగానే ఎగిరి గంతేశారు. కుటుంబాల గ్రూపులో ఫోటోలు పెట్టి, ఒక్కొక్క కుటుంబం వాటా ఎంతో లెక్కకట్టి రాశాను. ఆపా 'మాషా అల్లాహ్, బాగుంది' అంది. తమ్ముడు ఏమీ రాయలేదు. రెండు రోజుల తర్వాత వాళ్ళావిడ మా ఆవిడకు ఫోను చేసి, 'పిల్లలకు పరీక్షలున్నాయి వదినా, ఈసారికి మేము రాలేమేమో. అమ్మీని మాత్రం బస్సు ఎక్కిస్తాం' అని చెప్పింది.

సంక్రాంతి సెలవుల్లో పరీక్షలేమిటి? నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. మా ఆవిడకు తట్టింది. తమ్ముడు దర్జీ పని చేస్తాడు. నేను రాసిన వాటా అతని ఇంట్లో ఎన్ని రోజుల ఖర్చో ఆమె లెక్కవేసి చెప్పింది. 'అయితే వాళ్ళ వాటా నేనే కట్టేస్తాను' అన్నాను. 'ఆ మాట మీ తమ్ముడితో అనకండి. అసలే రాడు' అంది.

ఇంతలో అమ్మీ ఫోను చేసింది. 'నువ్వు నీకోసం గది వెతుక్కున్నావురా. మాకోసం కాదు. ఆ పడవ నేనెలా ఎక్కాలి? మోకాళ్ళు వంగవు కదా. రాత్రి ఆయాసం వస్తే ఆ నది మధ్యలో ఎవరిని పిలవాలి?' అని అడిగింది. ఆమె ఆస్తమా సంగతి నాకు తెలియనిది కాదు. చీకటి పడ్డాక మామూలు ప్రయాణికుల పడవలు తిరగవన్న సంగతీ తెలియనిది కాదు. ఫోటో చూసినప్పుడు ఆ రెండూ గుర్తుకు రాలేదు, అంతే. ఆపా మనసులో కూడా ఒక భయం ఉందని తర్వాత తెలిసింది. అంతకు పద్నాలుగు నెలల ముందే, 2017 నవంబరు 12న, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం సమీపంలో పర్యాటకుల పడవ తిరగబడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది అనుమతి లేని పడవ. ద్వీపానికి నడిచే ప్రభుత్వ పడవలను దానితో కలిపి చూడనవసరం లేదు. కానీ ముగ్గురు పిల్లల తల్లికి ఆ తేడా చెప్పి ధైర్యం కలిగించడం నావల్ల కాలేదు.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. మేము పద్నాలుగు మందిమి. అమీరుగా నన్ను ఎవరూ ఎన్నుకోలేదు, నేనే అయిపోయాను. ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేసి, 'నాకు ఈ ప్రాంతం తెలియదు. బస నువ్వే చూడు. ఎంతలో చూస్తావో కూడా నువ్వే నిర్ణయించు' అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'పరీక్షలు వాయిదా పడ్డాయిలే భాయ్‌జాన్' అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

తమ్ముడు వెతికిన తీరు వేరు. ఫోటోలు చూడలేదు. ఒక ఆదివారం రైలెక్కి విజయవాడ వచ్చి, వన్ టౌన్‌లో కాలినడకన తిరిగాడు. మొదట ముసాఫిర్ ఖానాకు వెళ్ళాడు. మన పెద్దలు బాటసారుల కోసం కట్టించిన ఇలాంటి వసతులు చాలా ఊళ్ళలో నేడు పెళ్ళిళ్ళకే ఎక్కువ ఉపయోగపడుతున్నాయి. మాకు కావలసిన రోజుల్లో అక్కడ కూడా పెళ్ళి ఉంది. అజిత్‌సింగ్ నగర్‌లో మా ఖాలా కూతురు ఉంది. 'హోటలేమిటి, మా ఇంట్లో దిగండి' అని ఆమె పట్టుపట్టింది. ఆమెది రెండు గదుల ఇల్లు. అతిథికి మర్యాద చేయడం ఎంత పుణ్యమో, ఆతిథ్యమిచ్చేవారిని ఇబ్బంది పెట్టకుండా ఉండడం అతిథికి అంత బాధ్యత. ఒక పూట భోజనానికి వస్తామని చెప్పి, బస మాత్రం వద్దన్నాం. ఆమె కొంచెం నొచ్చుకుంది. అది మాత్రం నిజం.

చివరికి రైల్వే స్టేషనుకు దగ్గరలో ఒక పాత లాడ్జి కుదిరింది. తమ్ముడు దాని గురించి గ్రూపులో రాసిన వాక్యాలు చదివి మా అమ్మాయి, 'చాచా హోటలు గురించి రాశారా, ఆసుపత్రి గురించి రాశారా?' అని అడిగింది. కింది అంతస్తులో వరుసగా నాలుగు గదులు. గుమ్మం దగ్గర ఒకే మెట్టు. ఒక గదిలో కుర్చీ కమోడ్. స్నానాలగదిలో కుళాయి, కింద బక్కెట్టు, మగ్గు. స్త్రీలు వజూ చేసుకోవడానికి బయటికి రానవసరం లేదు. మసీదు మూడు నిమిషాల నడక. వీధి చివర హలాల్ భోజనం, పొద్దున్నే చాయ్, సమోసా. ఎదుట మందుల షాపు. రాత్రంతా ఆటోలు దొరుకుతాయి. ఒక్క ఫోటో కూడా పెట్టలేదు.

సంక్రాంతి వేళ ఈ ప్రాంతంలో గదులు దొరకడం ఎంత కష్టమో హైదరాబాదులో ఉండేవారికి తెలియనిది కాదు. ఆ నాలుగు రోజులూ నగరమంతా విజయవాడ రోడ్డు మీదే ఉంటుంది. టోల్ గేట్ల దగ్గర గంటల తరబడి నిలబడాలి. మేము పొద్దున ఫజర్ నమాజు చేసి బయలుదేరినా, గది చేరేసరికి అసర్ వేళ అయింది. అమ్మీ అప్పటికే తన గదిలో మంచం మీద కాళ్ళు చాపుకొని కూర్చుని, ఆపా పిల్లలకు వేరుశనగలు వలిచి పెడుతోంది.

ఆ రాత్రి జమాఅత్ సంగతి వచ్చింది. హైదరాబాదు, కర్నూలు నుంచి వచ్చిన మేము ముసాఫిర్లం, ఖసర్ చేయాలి. గుడివాడ ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే. హనఫీ ఉలమాలు చెప్పే సుమారు 78 కిలోమీటర్ల దూరానికి అది చాలదు గనుక తమ్ముడు పూర్తిగా చదవాలి. ముసాఫిర్ ఇమామైతే రెండు రకాతులకు సలాం చెప్పేస్తాడు, స్థానికులు లేచి మిగతా రెండూ పూర్తిచేసుకుంటారు. స్థానికుడు ఇమామైతే ముసాఫిర్లు కూడా అతని వెనుక నాలుగూ చదవాలి. లాడ్జి వరండాలో చాపలు పరిచి, తమ్ముణ్ణే ముందు నిలబెట్టాం. ఇషా నాలుగు రకాతులూ అందరం కలిసే ముగించాం.

ఆ బసలో లోపాలు లేవని చెప్పను. దోమలు ఉన్నాయి. రాత్రి రెండింటి వరకు రైళ్ళ కూతలు. వేడినీళ్ళు బక్కెట్లతో మోసుకొచ్చి ఇచ్చారు. మా అబ్బాయి మొదటిరోజంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు. ద్వీపం అని ఆశపెట్టి సందులో దింపారన్నది వాడి ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదే. అందుకే మర్నాడు పగలు, వెళ్ళదలచినవారం మాత్రం ప్రభుత్వ పడవలో, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ద్వీపానికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగివచ్చాం. అమ్మీ, ఆపా రాలేదు. వాళ్ళిద్దరూ ఆటోలో బ్యారేజీ దగ్గరికి వచ్చి మాకోసం ఎదురుచూశారు.

బ్యారేజీ మీద గడిపిన ఆ సాయంత్రం వన్ టౌన్ బస మాకు అడగకుండా ఇచ్చిన కానుక. ద్వీపంలో ఉండి ఉంటే ఆ వేళకు కాటేజీ దాటేవాళ్ళం కాదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో 1957 నాటికి ఈ బ్యారేజీ వచ్చింది. డెల్టాలోని లక్షల ఎకరాలకు ఇక్కడి నుంచే కాలువలు బయలుదేరుతాయి. పిల్లలు నడుస్తూ గేట్లు లెక్కపెట్టారు. ఒకరు 68 అన్నారు, ఒకరు 71 అన్నారు. తమ్ముడు నవ్వి, 70 అని తీర్పు చెప్పాడు. ఆరు గంటలకు ముందే సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. మగ్రిబ్ జమాఅత్‌కు మసీదు చేరుకున్నాం.

మూడో రాత్రి బందరులో. విజయవాడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. ఇక్కడా రెండు ఆలోచనలు వచ్చాయి. మంగినపూడి సముద్రతీరం దగ్గర ఉండాలని పిల్లలు, ఊళ్ళోనే ఉండాలని పెద్దలు. తీరం ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. చీకటి పడితే భోజనానికైనా, మందుకైనా మళ్ళీ ఊళ్ళోకే రావాలి. ఈసారి నేను నోరు మెదపలేదు. తమ్ముడు కోనేరు సెంటరు దగ్గర గదులు తీసుకున్నాడు. అవీ కింది అంతస్తులోనే. తెల్లవారాక అందరం తీరానికి వెళ్ళాం. నల్లమట్టి తీరం, దూరం వరకు లోతు తక్కువ నీరు. లోతు తక్కువని నమ్మి ముందుకు పోయేవారిని సముద్రం మింగిన సందర్భాలున్నాయి గనుక పిల్లల చేతులు వదలలేదు.

గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ఈ బందరు ఆ రాజ్యానికి ప్రధాన రేవు. ఇక్కడి నుంచి పారశీక, ఎర్రసముద్ర తీరాలకు ఓడలు నడిచేవి. దక్కను నుంచి హజ్‌కు వెళ్ళేవారిలో కొందరు ఇక్కడే ఓడ ఎక్కేవారు. గాలి అనుకూలించే వరకు ఓడ కదలదు. అంటే ఎక్కడో లోతట్టు ఊరి నుంచి ఎడ్లబండిలో వచ్చిన ముసలి తల్లిదండ్రులు, వారి వెంట వచ్చినవారు, ఈ వీధుల్లోనే ఎక్కడో బస చేసి, వంట చేసుకొని, రోజులు లెక్కపెట్టి ఉంటారు. వారికి ఎవరు చోటిచ్చారో, ఏ మసీదు నీడలో పడుకున్నారో చెప్పే గుర్తులేవీ నాకు కనిపించలేదు. 1864 నాటి తుఫాను సముద్రాన్ని ఊళ్ళోకి తెచ్చి సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. ఇక గుర్తులు ఎలా మిగులుతాయి!

ఫజర్ తర్వాత అమ్మీ నా చేయి పట్టుకొని తన పుట్టిల్లు ఉన్న వీధికి నడిపించింది. మోకాళ్ళ నొప్పి గురించి ఒక్క మాట లేదు. ఇల్లు లేదు. ఆ చోట రెండంతస్తుల కట్టడం, కింద మోటారు రిపేరు షాపు. ఆమె కాసేపు చూసి, 'బావి ఇక్కడ ఉండేది' అని షట్టరు ముందు నేలను చూపించింది. తర్వాత, 'పద, పిల్లలు లేచి ఉంటారు' అంది.

ఇప్పుడు ఇటు రావాలనుకునే కుటుంబాలకు ఒక మాట. 2024 సెప్టెంబరు వరదల్లో బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్ళింది. భవానీ ద్వీపం మునిగింది, బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా నీట నిలిచింది. మేము చూసినప్పటి వసతులు అలాగే ఉన్నాయనుకోకుండా, ముందుగా ఫోను చేసి తెలుసుకోండి.

వెళ్ళేముందు తమ్ముడు లెక్కల పుస్తకం తెరిచాడు. గదుల ఖర్చు తలల లెక్కన కాక, గదుల లెక్కన పంచాడు. అమ్మీ గది ఖర్చు ముగ్గురం సమానంగా భరించాం. మొత్తం మీద ఒక్కొక్కరికి నేను మొదట రాసిన వాటాలో సగం కూడా కాలేదు. మూడు వందల ఎనభై రూపాయలు మిగిలాయి. వాటితో అమ్మీ బందరు లడ్డూలు కొనిపించి, ఒక పొట్లం ప్రత్యేకంగా కట్టించింది. అది సింగ్ నగర్‌లోని ఖాలా కూతురికి.