కడుపునొప్పికి కారణం జన్యువులో ఉంటే, తప్పు ఎవరిది?



ఈ నెల నేను స్పోకెన్ ఇంగ్లిష్ గురించి కాకుండా, ఒక కడుపునొప్పి గురించి రాస్తున్నాను. ఇది మా క్లాసులోని ఒక పాపకు ఉన్న జబ్బు. "పేరు రాయకండి టీచర్, విషయం మాత్రం రాయండి, నలుగురికీ తెలియాలి" అని వాళ్ల అమ్మగారే అన్నారు.

సోమవారం పొద్దున కడుపునొప్పి అంటే స్కూలు ఎగ్గొట్టడానికే అని ఇళ్లలో నవ్వుకుంటాం. చాలాసార్లు అది గ్యాసో, మలబద్ధకమో అయి తగ్గిపోతుంది కూడా. ఈ పాప నొప్పి అలాంటిది కాదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచేది. తిన్నాక ఎక్కువయ్యేది, వాంతులయ్యేవి. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయంగా ఉండేది. సిరప్‌లు మార్చారు, దిష్టి తీశారు, అలాగే రెండేళ్లు గడిచాయి. చివరికి ఒక డాక్టరుగారు నొప్పి ఉన్న రోజే రక్తంలో ఎమైలేజ్, లైపేజ్ పరీక్షలు చేయించి, స్కాన్ తీయించి, క్రానిక్ పాంక్రియాటైటిస్ అని చెప్పారు. అంటే క్లోమం పదేపదే వాచి, మెల్లగా దెబ్బతినడం.

"అది తాగేవాళ్లకు వచ్చేది కదా, చిన్నపిల్లకెలా?" అన్నారట చుట్టాలు. పెద్దల్లో మద్యం ఒక ముఖ్య కారణమే. పిల్లల్లో మాత్రం చాలామందికి జన్యువుల్లోని మార్పులు కారణమవుతాయి.

నాకు అర్థమైనంతలో చెబుతాను. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్‌ను ముక్కలు చేసే కత్తి లాంటిది ట్రిప్సిన్. క్లోమం దాన్ని ఒరలో పెట్టి పేగులోకి పంపుతుంది, అక్కడికి చేరాకే ఒర తీయాలి. ముందే తీస్తే ఆ కత్తి క్లోమాన్నే కోస్తుంది. పీఆర్ఎస్ఎస్1 అనే జన్యువు ఆ కత్తిని తయారు చేయిస్తుంది. దానిలో ఒక మార్పు ఉంటే తొందరగా బయటపడ్డ కత్తి ఆగకుండా పనిచేస్తుంది. తరతరాలుగా ఈ జబ్బు ఉన్న కుటుంబాల్లో ఆ మార్పును 1996లో అమెరికాలో డేవిడ్ విట్‌కోంబ్ బృందం కనిపెట్టింది. స్పింక్1 అనే మరో జన్యువు, తొందరపడి బయటికొచ్చిన కత్తిని పట్టి ఆపే కాపలాదారును తయారు చేయిస్తుంది. అందులో మార్పు ఉన్నా ప్రమాదం పెరుగుతుంది.

మన దేశంలో, ముఖ్యంగా కేరళలో, చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు ఏర్పడే జబ్బును చాలాకాలం కర్రపెండలం తినడంతో ముడిపెట్టారు. 2002లో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు పరిశీలిస్తే, ఆ రోగుల్లో పీఆర్ఎస్ఎస్1 కన్నా స్పింక్1 మార్పులకే ఎక్కువ సంబంధం కనిపించింది.

మా పాప రిపోర్టులోనూ స్పింక్1లో ఎన్34ఎస్ అనే మార్పు వచ్చింది. ఆ కాగితం ఇంటికి చేరాక అసలు గొడవ మొదలైంది. "మా వంశంలో ఇలాంటివి లేవు, మీ పుట్టింటి నుంచే వచ్చుంటుంది" అన్న మాట ఆ తల్లి విన్నారు. రేపు పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు ఈ కాగితం బయటపడితే ఎలా అన్న భయం వేరే. ఫైలు బీరువా అడుగున దాచేశారు.

దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ మార్పు తండ్రి నుంచైనా రావచ్చు, తల్లి నుంచైనా రావచ్చు. ఏ జబ్బూ లేని నూరు మందిలో సుమారు ఒకరిద్దరిలో కూడా ఉంటుంది. వాళ్లలో చాలామందికి జీవితమంతా ఏమీ కాదు. అది ప్రమాదాన్ని పెంచేదే తప్ప తలరాత కాదు. ఎవరూ ఎంచుకుని బిడ్డకు ఇచ్చిందీ కాదు. పైగా ఆ రిపోర్టు పాపకు ఒక మేలు చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ "నాటకాలాడకు" అనలేదు.

పరీక్ష రాయించుకునే ముందు డాక్టరుగారిని ఈ మూడు అడగండి. ఫలితం వస్తే చికిత్సలో ఏం మారుతుంది? అర్థం స్పష్టంగా తెలియని మార్పు వస్తే ఏం చేయాలి? రిపోర్టును విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ ఉన్నారా? రిపోర్టులో ఏమీ రాకపోతే జబ్బు లేదని కాదు, ఆ పరీక్ష చూసిన జన్యువుల్లో కారణం దొరకలేదని మాత్రమే. ఇక ఏ బాధా లేని తమ్ముడికో చెల్లికో వెంటనే పరీక్ష చేయించాలన్న తొందర వద్దు. ముందే ఆపే మందు లేనప్పుడు ఆ ఫలితం భయాన్నే మిగల్చవచ్చు. వాళ్లకు నొప్పి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

జన్యువును మార్చలేం. చేయగలిగినవి చాలా ఉన్నాయి. క్లోమం బలహీనపడితే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఇస్తారు, అవి అన్నంతో పాటే పడాలి, నమలకూడదు. బరువు, విటమిన్లు, షుగర్ అప్పుడప్పుడూ చూపించాలి. పెద్దయ్యాక సిగరెట్, మద్యం జోలికి అసలు పోకూడదు, ఇంట్లో పెద్దల పొగ కూడా పిల్లలకు తగలనివ్వకూడదు.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. ఇలాంటి జబ్బు ఉంటే క్లాస్ టీచర్‌కు ఒక్క చీటీ రాయండి. జన్యు రిపోర్టు మాకు అక్కర్లేదు. ఏ మందు ఎప్పుడు వేయాలి, నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి చాలు. మా పాప ఇప్పుడు లంచ్ బెల్ కొట్టగానే మొదటి ముద్దతో క్యాప్సూల్ మింగుతుంది. బెంచీ మీద వాటర్ బాటిల్ ఉంటుంది, బాత్రూమ్‌కు అడక్కుండానే వెళ్లొస్తుంది. నొప్పి వల్ల యూనిట్ టెస్ట్ రాయలేకపోతే తర్వాత రాయిస్తున్నాం. ఎందుకని తోటి పిల్లలు అడిగితే, "తనకు మందు వేసుకునే టైమ్" అని మాత్రమే చెబుతాను.

ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల తర్వాత రెండు నిమిషాలు మిగుల్చుకోండి. మీ పిల్లల ఆరోగ్యం గురించి మాకు తెలియాల్సింది ఏదైనా ఉంటే అప్పుడు చెప్పండి. అందరి ముందూ వద్దనుకుంటే, అందరూ వెళ్లేదాకా ఉంటాను.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్