నాలుగు నిమిషాల సభ్యుడు

లోక్‌సభలో ఎవరు ఎంతసేపు మాట్లాడాలన్నది మాట్లాడేవాడి సత్తాని బట్టి ఉండదు. పార్టీకి ఎంత బలముంటే అంత సమయం. ఒక బిల్లుకి బిజినెస్ అడ్వైజరీ కమిటీ నాలుగు గంటలిస్తే పెద్ద పార్టీల వాటా పోగా మిగిలిందే చిన్న పార్టీలకి. ఆ మిగిలినదాంట్లోనూ మొదటి భాగం ఫ్లోర్ లీడర్‌ది, రెండోది సీనియర్లది. నేను పదహారో లోక్‌సభలో, అంటే 2014 నుంచి 2019 దాకా, వెనక వరుసలో కూర్చున్నవాణ్ణి. ఉత్తరాంధ్ర తీరంలో నియోజకవర్గం. నా వంతుకి వచ్చేది మూడు నిమిషాలో నాలుగో. అదీ రాత్రి ఎనిమిది దాటాక, ప్రెస్ గ్యాలరీ ఖాళీ అయ్యాక, అధ్యక్షస్థానంలో ప్యానెల్ సభ్యుడొకరు గడియారం చూసుకుంటున్నప్పుడు.

ఈ నాలుగు నిమిషాలతో ఏం చేయాలన్నదే వెనక బెంచీ ఎంపీ వృత్తి. మనం ఒకరి మనసు మార్చి ఓటు తిప్పేదంటూ ఏమీ లేదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. మాట నాది, ఓటు పార్టీది. అవతలి పక్షంలో నా మాటకి తలూపినాయన కూడా చివరికి తన పార్టీ చెప్పిన మీటే నొక్కుతాడు. కాబట్టి సభను ఒప్పించాలన్న ఆశ పక్కనపెట్టి, మంత్రి నోట ఒక మాట చెప్పించి దాన్ని రికార్డుకెక్కించడం మీద పడ్డాను. ఐదేళ్లలో నేను నేర్చుకున్న పనంతా అదే.

దానికి మొదటి మెట్టు ప్రశ్నోత్తరాల సమయం. పదిహేను రోజుల ముందే నోటీసివ్వాలి. వచ్చిన నోటీసులకి బ్యాలెట్ తీస్తారు. రోజుకి ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలు, రెండొందల ముప్ఫై మామూలు ప్రశ్నలు. నక్షత్రం ఉన్నవాటికి మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకి దొరకాలి. పదకొండు నుంచి పన్నెండు లోపు ఐదారు ప్రశ్నలు నడిస్తే గొప్ప. పదో నంబరు దాటి పేరొచ్చిందంటే ఆ రోజు రాసిచ్చిన జవాబు కాగితమే దిక్కు.

మా వైపు చేనేత ఊళ్లు చాలా ఉన్నాయి. ఒక సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చి, "బాబూ, నేతన్న కష్టాల గురించి మీరు ఢిల్లీలో గట్టిగా మాట్లాడాల" అన్నాడు. కష్టమేమిటని తవ్వితే అసలు సంగతి చిలపల నూలు దగ్గర తేలింది. స్పిన్నింగు మిల్లులు తీసే నూలులో కొంత భాగం కోన్లకి చుట్టకుండా చిలపలుగానే ఇవ్వాలని కేంద్రం నియమం. మగ్గానికి పనికొచ్చేది ఆ చిలపే. అప్పట్లో ఆ వాటా నలభై శాతం, 2019లో ముప్ఫైకి తగ్గించారు. "కాగితం మీద నలభై ఉందంట బాబూ, మా ఊరికి వచ్చేసరికి అది ఏటైపోతందో తెలీదు" అన్నాడాయన.

ఇక్కడే ప్రశ్న రాసే పనితనం కావాలి. "నేత కార్మికుల దుస్థితి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా?" అని అడిగితే మంత్రి సంతోషిస్తారు. ఉన్న పథకాలన్నీ వరసపెట్టి చదువుతారు, ఐదు నిమిషాలు గడిచిపోతాయి, మనకి మిగిలేది శూన్యం. నేను రాసింది వేరు. మిల్లులు చిలపల వాటా తీస్తున్నాయో లేదో తనిఖీ చేసేది ఎవరు? గత మూడేళ్లలో నియమం తప్పిన మిల్లుల సంఖ్య రాష్ట్రాలవారీగా ఎంత? వాటిపై తీసుకున్న చర్య ఏమిటి? మూడు ముక్కలు. దేనికీ ఉపన్యాసం జవాబు కాదు, అంకె కావాలి.

జవాబు కాగితం సభ మొదలయ్యేముందే చేతికొస్తుంది. అది చదివి, అందులో ఏది లేదో దాన్నే అనుబంధ ప్రశ్నగా అడగాలి. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధాలు. మొదటిది మంత్రికి తెలిసిన విషయం మీద, మర్యాదగా. రెండోది కాగితంలో తప్పించుకున్న చోట. "జిల్లాలవారీ సరఫరా వివరాలు సభ ముందుంచుతారా?" అని నేనడిగితే మంత్రి, "సేకరించి ఉంచుతాం" అన్నారు. నాకు కావాల్సింది ఆ ముక్కే.

ఎందుకంటే పార్లమెంటులో బయటి ప్రపంచానికి అంతగా తెలియని సంఘం ఒకటుంది. ప్రభుత్వ హామీల సంఘం. 1953 డిసెంబరు నుంచి పనిచేస్తోంది, పదిహేను మంది సభ్యులు. మంత్రి సభలో "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం", "సభ్యుడికి రాసి పంపుతాను" లాంటివి అంటే అది హామీ కిందికి వస్తుంది. అలాంటి పదబంధాల జాబితాయే ఉంది. మంత్రులు మాట్లాడినవాటి లోంచి పార్లమెంటరీ వ్యవహారాల శాఖ ఆ వాక్యాలు ఏరి ఆయా శాఖలకి పంపుతుంది. మూడు నెలల్లో నెరవేర్చి సభ ముందుంచాలి, లేదా గడువు పొడిగించమని సంఘాన్ని అడగాలి. సంఘం కావాలంటే కార్యదర్శిని పిలిపించి ఎందుకు ఆలస్యమైందని అడగగలదు. నా నాలుగు నిమిషాల గర్జనకి జడవని అధికారి ఆ పిలుపుకి జడుస్తాడు. చిలపల వివరాలు గడువు దాటాకే అయినా వచ్చాయి. చేనేత సంఘం అధ్యక్షుడు ఆ పట్టిక జిరాక్సు తీయించి జిల్లా అధికారి దగ్గరికి పట్టుకెళ్లాడు. ఈసారి ఆయన అర్జీ పెట్టుకోలేదు, లెక్క అడిగాడు.

రెండో మెట్టు 377 నిబంధన. వారానికి ఒక్క నోటీసు, రెండొందల యాభై మాటలు మించకూడదు, ముందుగా ఆమోదం పొందిన పాఠమే చదవాలి. సభ గందరగోళంగా ఉంటే చదవడం కూడా ఉండదు, సభ ముందు ఉంచినట్టు రాసేస్తారు. కానీ సంబంధిత శాఖ దానికి ఉత్తరం రాస్తుంది. జీరో అవర్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ మాటకి ఊపుంటుంది, టీవీలో ముఖం కనపడుతుంది, ఆ క్లిప్పు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో నియోజకవర్గమంతా తిరుగుతుంది. అయితే మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. ఊరివాళ్లకి జీరో అవర్ ఎంపీ ఇష్టం, నాకు 377 ఇష్టం. రెండూ వాడాను. ఓట్లడగాల్సింది వాళ్లనే కదా.

బిల్లుల మీద మాట్లాడటం వేరే విద్య. పార్టీలో పేరున్నవాళ్లు బడ్జెట్టు, వ్యవసాయం, రాష్ట్ర విభజన హామీలు పంచుకుంటారు. ఎవరికీ పట్టని బిల్లు వెనక బెంచీకి దొర్లుకుంటూ వస్తుంది. 2017 మార్చిలో ఫ్లోర్ లీడర్, "ఏవండీ, రేపు అడ్మిరాల్టీ బిల్లుంది, సముద్రం మీదే కదా, మీరు మాట్లాడేయండి" అన్నారు. ఓడల మీద దావాలు ఏ కోర్టులో వేయాలి, ఏ బాకీ ముందు తీర్చాలి అని చెప్పే బిల్లది. అప్పటిదాకా నడుస్తున్నవి 1840, 1861ల నాటి బ్రిటిష్ చట్టాలు.

పార్లమెంటు లైబ్రరీలో రెఫరెన్స్ విభాగం వాళ్లకి చెబితే అడిగిన అంశం మీద కాగితాలు తీసిస్తారు. కొత్త ఎంపీలు చాలామంది ఆ మెట్లెక్కరు. ఆ సాయంత్రం అక్కడ చదువుతుంటే మన విశాఖపట్నం కనపడింది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ మర్మగోవాలో సరుకెత్తుకుని బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రసీదు) ఇవ్వకుండా వెళ్లిపోయింది. తరవాత విశాఖ రేవుకొచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని నిలిపేశారు. బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకే ఆ అధికారం ఉంది, మీకెక్కడిదని ఓడవాళ్ల వాదన. 1992లో సుప్రీంకోర్టు మన హైకోర్టుకీ ఆ అధికారం ఉందని తేల్చింది. ఈ బిల్లు అప్పటి హైదరాబాదు హైకోర్టు పేరుని చట్టంలోనే రాసింది.

మా తీరం కుర్రాళ్లు చాలామంది ఏజెంట్లకి అప్పు చేసి డబ్బు కట్టి ఓడ ఎక్కుతారు. యజమాని దివాళా తీసి ఓడని ఏదో రేవులో వదిలేస్తే జీతాల్లేక అక్కడే చిక్కుకుంటారు. ఫోన్ చేసి ఏడ్చే తల్లులు నాకు తెలుసు. బిల్లులో ఓడ సిబ్బంది జీతం బాకీని మొదటి వరసలో పెట్టారు. మిగతా హక్కులకి ఏడాది గడువైతే జీతానికి రెండేళ్లు. నేను తయారుచేసుకున్న ప్రసంగం పది నిమిషాలది. పార్టీ వాటా చివరకొచ్చేసరికి నాలుగు మిగిలింది. బ్రిటిష్ చట్టాల చరిత్ర మొత్తం కొట్టేశాను, ప్రభుత్వానికి అభినందనలు కొట్టేశాను, ఎలిజబెత్ కేసు ఒక్క వాక్యానికి కుదించాను. మిగిలింది ఒకే ప్రశ్న: హక్కు చట్టంలో ఉంది సరే, మత్స్యకారుడి కొడుక్కి హైకోర్టులో లాయర్ని పెట్టేదెవరు? బెల్లు మోగింది. "ఒక్క నిమిషం అధ్యక్షా" అన్నాను. రెండో బెల్లుకి మైకు మరొకరికి వెళ్లింది.

పద్దుల మీద చర్చ మరీ కష్టం. ఏ శాఖ పద్దుకైనా కోత తీర్మానం ఇవ్వొచ్చు. విధానం నచ్చకపోతే పద్దుని ఒక్క రూపాయికి తగ్గించమని, ఫిర్యాదుంటే వంద రూపాయలు తగ్గించమని. తగ్గదని అందరికీ తెలుసు, విషయం రికార్డుకెక్కుతుంది. అయితే గడువు రాగానే చర్చకి రాని పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకి పెడతారు, దాన్నే గిలెటిన్ అంటారు. 2018 మార్చి 14న మొత్తం శాఖల పద్దులన్నీ చర్చ లేకుండా అలా పాసయ్యాయి. ఆ రోజుల్లో ఆంధ్ర ఎంపీలం ప్రత్యేక హోదా ప్లకార్డులతో వెల్‌లో ఉన్నాం. హోదా నా జిల్లాకి కావాల్సిందే, చేనేత పద్దూ నా జిల్లాకి కావాల్సిందే. ప్లకార్డుకి టీవీలో చోటు దొరికింది, పద్దుకి దొరకలేదు. ఇప్పటికీ ఆ లెక్క నాకు సరిపడలేదు.

ఏటా పత్రికలు ఎంపీలకి మార్కులేస్తాయి: ఎన్ని ప్రశ్నలు, ఎన్ని చర్చలు, హాజరు ఎంత. ఆ అంకెలు అబద్ధం కాదు, అవే నిజమూ కాదు. ప్రశ్నలు పీఏలు కట్టలకొద్దీ రాసి పడేయొచ్చు. వెనక బెంచీ మనిషి ఏం చేయగలడో చూడాలంటే ఫిరోజ్ గాంధీని చూడాలి. అధికార పార్టీలోనే ఉండి, 1957 డిసెంబరు 16న, ఎల్ఐసీ ముంద్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారాన్ని కాగితాలతో సహా సభలో పెట్టారాయన. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. చేతిలో కాగితం ఉంటే ఏ వరసలో కూర్చున్నా ఒకటే.

ఈమధ్య మా ప్రాంతం నుంచి మొదటిసారి గెలిచిన కుర్ర ఎంపీ వచ్చి, "అన్నా, తొలి ప్రసంగం ఎలా మొదలెట్టమంటారు?" అని అడిగాడు. ప్రసంగం సంగతి తరవాత, ముందు పాత హామీల జాబితా తెప్పించుకోమన్నాను. లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులు మురిగిపోతాయి, శుక్రవారాలు మేం కష్టపడి పెట్టిన ప్రైవేటు బిల్లులూ పోతాయి. మంత్రి ఇచ్చిన హామీ మాత్రం మురిగిపోదు. కొత్త హామీల సంఘం పాతవాటిని పరిశీలించి ప్రజలకి ముఖ్యమైనవి అనుకున్నవి కొనసాగిస్తుంది. నేను ఓడిపోయినా నా ప్రశ్నకి రావాల్సిన జవాబు ఆ శాఖ మెడకే ఉంటుంది. "మా జిల్లావి ఏవేవి తీరలేదో చూసి, మొదటి ప్రశ్న అక్కణ్ణుంచి వెయ్యి" అన్నాను. రాసుకున్నాడు.