లెక్కలో పారెడు నీరు

వరదకాలమున గోదావరి వంతెనను జూచినవారికి, నీరు స్తంభము ముందర చీలి వెనుక సుడులుగా తిరుగుట విదితమే. చేప యొడలివంటి సన్నని యాకారము నీటిని మెల్లగా సాగనంపును. పలక, ఇటుక, స్తంభము మొదలగు మొండి వస్తువులట్లు గావు. వాని యంచులయొద్ద ప్రవాహము వస్తువును విడిచిపోవును. వెనుక నొత్తిడి తగ్గును. ఆ తగ్గుదలయే వస్తువును వెనుకకు లాగును. వస్తువు ఏటవాలుగా నున్నచో సుడుల తీరు మారిపోవును.

సుడులవలన భయమేమని కొందఱు బాలురు మమ్మడుగుచుందురు. 1965 నవంబరు 1న ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జియందు పెనుగాలికి ఎనిమిది శీతలీకరణ గోపురములలో మూడు కూలెను. కూలినవి గాలికెదురుగా నున్న వరుసలోనివి గావు. వాని చాటున నున్న వెనుకటివి. ముందరి గోపురములు చెదరగొట్టిన గాలియే వానికి ముప్పయ్యెను.

కావున కట్టుటకు ముందే లెక్కించుట మేలు. ప్రవాహ సమీకరణములను నేవియర్ 1822లోను, స్టోక్స్ 1845లోను చూపిరి. కాని మొండి వస్తువుల విషయమున వానిని సూత్రముతో సాధింప సాధారణముగా వీలుకాదు. అందుచే ప్రవాహస్థలమును చిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడియందును వేగమును, ఒత్తిడిని అంకెలతో గట్టుదురు. ఒక గడి విలువ పొరుగు గళ్ళపై నాధారపడుటచే, అన్నియు పొందికకు వచ్చువరకు మరల మరల లెక్కింపవలెను. జపానుదేశమున కావగుటి యనువారు 1953లో ప్రకటించిన యొక్క లెక్కకే, చేతియంత్రముతో వారమునకు 20 గంటల చొప్పున 18 నెలలు శ్రమించిరి. మొత్తమెన్ని గంటలో విద్యార్థులే కట్టి చూచుకొందురు గాక! పిమ్మట కంప్యూటర్లు వచ్చి యా భారమును దీర్చినవి.

అయినను యంత్రము చెప్పినదెల్ల సత్యము గాదు. 1984లో అహ్మద్ మున్నగువారు, 1044 మిల్లీమీటర్ల పొడవుగల కారువంటి నమూనాను గాలిసొరంగమున పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. దాని వెనుకవాలు సుమారు 12 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు పెరిగినకొలది గాలి లాగుడు హెచ్చెను. 30 దాటినంతనే యొక్కసారిగా తగ్గెను. ఏలయనగా, అంతవరకు ప్రక్కయంచుల సుడులు రెండును వాలుపై నొత్తిడిని మిక్కిలి తగ్గించుచుండెను. అటుపై గాలి వాలును పూర్తిగా విడువగా నా సుడులు బలహీనమాయెను. ఇందు 25 డిగ్రీల వాలును సరిగా లెక్కించుట నేటికిని కఠినమే. సుడుల సగటును మాత్రమే గైకొను పద్ధతులు పెక్కు అచ్చట తప్పుచున్నవి. గళ్ళను మఱింత చిన్నవి చేసి, సుడులను కాలక్రమమున వెంబడించినగాని లెక్క కొలతకు దగ్గర గాదు.

ప్రియ విద్యార్థులారా, పుస్తకము చివర జవాబు జూచి దానికి సరిపడునట్లు మెట్లు వ్రాయు నలవాటు మీలో కొందఱికి గలదని మేమెఱుగుదుము. ఇట్టి లెక్కలకు చివరిపుట లేదు. దిద్దువారు గాలియు, నీరును. వారు మొగమాటము నెఱుగరు. తప్పు మిగిలినచో మార్కులు తగ్గింపరు, గోపురమునే కూల్తురు.