కల్లితండాకు పోయే దారి

బెంగళూరు నుంచి 44వ జాతీయ రహదారి మీద వస్తూ కొడికొండ చెక్‌పోస్టు చేరితే, ఎడమకు లేపాక్షి, హిందూపురం. కుడివైపు గోరంట్ల పల్లెలు. నేరుగా పోతే పెనుకొండ. 2025 మే 10న ఈ దారి పొడుగునా జనం జెండాలు, పూలు పట్టుకుని నిలబడ్డారు. గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, అగ్నివీర్ మురళీనాయక్ ఇంటికి వస్తున్నాడు, శవపేటికలో. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పులకు బలయ్యాడు. ఒక్కగానొక్క కొడుకు. ముంబైలో కూలి చేసి పెంచుకున్నారు తల్లిదండ్రులు.

ఈ నేలకు యుద్ధం కొత్త కాదు. 1565లో రక్కసి తంగడి దగ్గర ఓడాక విజయనగర ప్రభువులు తలదాచుకున్నది పెనుకొండలోనే. అక్కడి గగన్ మహల్ చూడటానికి వచ్చేవాళ్లకు ఆ కథ ఎవరో ఒకరు చెబుతారు. తండాల కథ చెప్పేవాళ్లే తక్కువ. తండాలంటే బంజారాల పల్లెలు. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి పోయిన ఆంగ్లేయ సేనాని కార్న్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చినవాళ్లు ఆ బంజారాలే. గోనెలు కట్టిన ఎద్దుల బారులు, వాటి వెంట ఆడవాళ్లు, చంటిపిల్లలు, వంటసామాను. ఇల్లంతా దండు వెనకే నడిచేది. ఇప్పుడు కొడుకొక్కడే పోతాడు. ఇంట్లోవాళ్లు ఫోను మోగుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చుంటారు. సరిహద్దు ఎంత దూరమైనా టీవీలో కాల్పుల వార్త వచ్చిన రాత్రి ఆ ఇంట కంటికి కునుకుండదు.

వాన మొహం చాటేస్తే వేరుశెనగ చేను ఎండిపోయే సీమ ఇది. ధర్మవరంలో పట్టుమగ్గాలు, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉన్నా, వలసలు ఆగలేదు. అందుకే నెలనెలా జీతమొచ్చే సైన్యం కొలువంటే తండా పిల్లలకు అంత ఆశ. అగ్నివీర్‌గా చేరితే నాలుగేళ్లే, పింఛను లేదు, తర్వాత నిలిచేది నూటికి పాతికమందే. అన్నీ తెలిసే చేరుతున్నారు. దేశం మీది ప్రేమ, ఇల్లు నిలబెట్టాలన్న తపన, ఈ రెండింటినీ విడదీసి చూడటం నాకు సబబనిపించదు.

మే 11న కల్లితండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి లోకేశ్ వచ్చారు. ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, ఇంటిస్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. ఆ కుటుంబానికి ఇవన్నీ దక్కాల్సిందే. వాటితోపాటు, సైన్యానికి పిల్లల్ని పంపిన తండాల్లో తల్లుల పక్కన తీరిగ్గా కూర్చుని, వాళ్లు చెప్పుకునే కబుర్లన్నీ రాసిపెట్టేవాళ్లు ఈ సీమకు కావాలి.